ఇంట్లో మొదటి కలంకారీ గుడ్డ: కసిమి కుండ నుంచి ఎర్ర రంగు దాకా

కలంకారీ నేర్పమని మా ఇంటికి వచ్చేవాళ్లు చాలామంది ముందుగా రంగుల గురించే అడుగుతారు. ఎరుపు ఎక్కడ దొరుకుతుంది, నలుపు ఏ కంపెనీది తెచ్చుకోవాలి, బ్రష్ ఏ నంబరు కొనాలి అని. నేను మాత్రం వాళ్ల ఇంట్లో నీళ్లు ఎలాంటివో అడుగుతాను. బోరు నీళ్లా, కుళాయి నీళ్లా, బకెట్ అడుగున ఎర్రటి మడ్డి కడుతుందా అని. ఎందుకంటే మా శ్రీకాళహస్తి పనిలో గుడ్డ మీద రంగు పూయడం అనేది చాలా తక్కువ. కలంతో మనం పెట్టేది చాలాచోట్ల రంగే లేని పటిక నీళ్లు. ఎరుపు తర్వాత పుడుతుంది, గిన్నెలో గుడ్డ ఉడికేటప్పుడు. నలుపు కూడా అంతే. కలంలో ఉన్నప్పుడు అది గోధుమరంగు పులుసు నీళ్లు, గుడ్డను తాకాకే నల్లబడుతుంది. కాబట్టి గుడ్డ సరిగ్గా తయారు కాకపోయినా, ఉతుకు సరిగ్గా పడకపోయినా ఎంత చక్కగా బొమ్మ వేసినా లాభం లేదు.

నేను ఈ పని మా పెద్దనాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు మా వసారాలోనే చుట్టుపక్కల ఆడపిల్లలకు నేర్పుతున్నాను. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, అప్పుడప్పుడూ విదేశాల్లో ఉండే మనవాళ్ల నుంచి కూడా "అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మేము చేసుకోవచ్చా అక్కా" అని ఫోన్లు వస్తుంటాయి. చేసుకోవచ్చు. కొన్ని సర్దుబాట్లు కావాలి, ఓపిక కావాలి. ఒక మీటరు గుడ్డతో మొదలుపెట్టి నలుపు, ఎరుపు, పసుపు మూడు రంగుల్లో ఒక చిన్న పని పూర్తిచేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నీలం జోలికి మొదటిసారి వెళ్లొద్దు. నీలిమందు తొట్టి కట్టడం వేరే విద్య, దానికి వేరే చెయ్యి కావాలి.

కసిమి ముందు పెట్టండి

నల్ల రంగుకు వాడే ద్రావణాన్ని మేము కసిమి అంటాం. ఇది పులవడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి గుడ్డ కొనకముందే దీన్ని మొదలుపెట్టాలి. ఎండాకాలంలో అయితే ఇంకొంచెం ముందే తయారవుతుంది, చలికాలంలో ఆలస్యం అవుతుంది.

రెండు లీటర్ల నీళ్లు పట్టే మట్టికుండ తీసుకోండి. పాత మేకులు, లాడాలు, విరిగిన కొడవలి ముక్కలు, ఏవైనా సరే, తుప్పు పట్టిన ఇనుము పావు కిలో కావాలి. గాల్వనైజ్ చేసిన మేకులు, స్టీలు స్క్రూలు పనికిరావు. కొత్త ఇనుమైతే నాలుగు రోజులు తడిపి ఎండబెట్టి తుప్పు పట్టనివ్వండి. దాంట్లో 100 గ్రాముల చెరకు బెల్లం, 100 గ్రాముల తాటిబెల్లం చితక్కొట్టి వేయండి. తాటిబెల్లం దొరకకపోతే మొత్తం చెరకు బెల్లమే వేసుకోవచ్చు. నీళ్లు నింపి, మూతికి పలచటి గుడ్డ కట్టి, ఎండ తగలని మూల పెట్టండి.

ఒక జాగ్రత్త ముఖ్యంగా చెప్పాలి. దీన్ని మూత బిగించిన సీసాలో పెట్టకండి. బెల్లం పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది, సీసా పగులుతుంది. మూతికి గుడ్డే ఉండాలి. కుండ దొరక్కపోతే వెడల్పు మూతి ఉన్న గాజు జాడీ, పింగాణీ జాడీ పర్లేదు. ఊరగాయ జాడీ అయితే మళ్లీ దాంట్లో ఊరగాయ పెట్టకండి.

మొదటి వారం నురగ వస్తుంది, కల్లు వాసన వస్తుంది. తర్వాత నురగ అణిగి వాసన పుల్లగా మారుతుంది. బెల్లం పులిసి పులుపెక్కి, ఆ పులుపు ఇనుమును మెల్లగా కరిగిస్తుంది. మధ్యలో రెండు మూడు రోజులకోసారి కర్రతో కలుపుతూ ఉండండి. పైన బూజు తెట్టె కడితే తీసి పారేయండి, కంగారు పడాల్సింది ఏమీ లేదు. తయారైందో లేదో చూసి చెప్పలేం, కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద గీసి చూడాలి (ఎలా పట్టించాలో కింద రాశాను). గీసిన వెంటనే గీత నల్లబడి, నీళ్లలో జాడించినా నిలిస్తే తయారైనట్టే. బూడిద రంగులో తేలిపోతే ఇంకో వారం ఆగండి. తయారయ్యాక పలచటి గుడ్డలో వడగట్టి వాడుకోవాలి.

గుడ్డ

మేము వాడేది కోరా నూలు గుడ్డ, అంటే బ్లీచింగ్ చేయనిది. పాలిస్టర్ కలిసిన గుడ్డకు కరక్కాయ సరిగ్గా పట్టదు, పటిక పట్టదు. కొట్లో "ప్యూర్ కాటన్ అమ్మా" అంటారు గానీ అంచు నుంచి నాలుగు దారాలు లాగి వెలిగించి చూసుకోండి. నూలు కాగితం కాలినట్టు కాలి పొడి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, మిల్లు గుడ్డ అయితే ఇంకేవేవో పూతలు కూడా ఉంటాయి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున రెండు చెంచాల చాకలిసోడా వేసిన నీళ్లలో గంటసేపు ఉడికించండి. నీళ్లు టీ రంగులోకి వస్తాయి. తర్వాత బాగా జాడించి ఆరేయండి. ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క వేసిన వెంటనే గుడ్డలోకి ఇంకిపోవాలి. ఒక్క క్షణం అయినా ముత్యంలా పైన నిలబడితే మళ్లీ ఉడికించాల్సిందే. మా దగ్గర పెద్ద బట్టలకు పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తూ తెల్లబరిచే పద్ధతి ఉంది. మీ ఒక్క మీటరుకి చాకలిసోడా చాలు.

కరక్కాయ, గేదె పాలు

మొత్తం పనికి ఇదే పునాది. ఆయుర్వేద మూలికలు అమ్మే కొట్లో కరక్కాయలు కొని గింజ తీసేసి పెచ్చు మాత్రం పొడి కొట్టుకోండి. పొడి కొన్నా పర్లేదు గానీ పాతబడి నల్లగా అయినది వద్దు. ఒక మీటరు గుడ్డకు 40 గ్రాముల పొడి కావాలి. అర లీటరు నీళ్లలో రెండు గంటలు నానబెట్టి పలచటి గుడ్డలో వడగట్టండి. ఆ నీళ్లలో అర లీటరు పచ్చి గేదె పాలు కలపండి. పాలు కాచినవి కాకూడదు. ప్యాకెట్ పాలు తప్పకపోతే వెన్న ఎక్కువ ఉన్న రకం తెచ్చుకోండి. వెన్న తీసిన పాలతో పని జరగదు.

పాలు ఎందుకని అందరూ అడుగుతారు. కరక్కాయలో ఉన్న వగరు ఇనుముతో కలిసి నలుపు అవుతుంది, పటికను గుడ్డకు అంటిపెడుతుంది. కానీ ఒట్టి కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే గీత పక్కలకి పాకుతుంది. పాలలోని వెన్న ఆ పాకుడును ఆపుతుంది. ఒకసారి పాలు లేకుండా ఒక ముక్క, పాలతో ఒక ముక్క చేసి రెండింటి మీదా ఒకే కలంతో గీసి చూడండి. దీని గురించి ఇంకెవరూ మీకు చెప్పాల్సిన అవసరం ఉండదు.

గుడ్డను ఆ పాలలో ముంచి, ప్రతి మడతా తడిసేలా పిసకండి. పావుగంట ఉంచి, గట్టిగా పిండి, ముడతలు లేకుండా ఎండలో ఆరేయండి. పిండడం సమంగా లేకపోతే పాలు ఎక్కువ నిలిచిన చోట మరకలు తేలతాయి. ఆరేటప్పుడు రెండు మూడు సార్లు తిప్పండి. ఆరిన గుడ్డ లేత పసుపు రంగులో, కొంచెం బిరుసుగా ఉంటుంది, పాల వాసన వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి. ఈగలు, చీమలు కూడా వస్తాయి. ఇలా సిద్ధం చేసిన గుడ్డను నెలల తరబడి దాచకుండా వారం పది రోజుల్లో పని మొదలుపెట్టడం మంచిది.

ఇప్పుడు మీ నీళ్ల సంగతి తేల్చుకోవచ్చు. ఈ గుడ్డ అంచు ముక్క మీద మీ ఇంటి నీళ్లు ఒక చుక్క వేసి ఆరనివ్వండి. చుక్క పడ్డచోట బూడిదరంగు మచ్చ తేలితే మీ నీళ్లలో ఇనుము ఉందని అర్థం. ఆ నీళ్లతో ఉతికితే గుడ్డ మొత్తం మసకబారుతుంది, ఎరుపు మురికి రంగులోకి దిగుతుంది. అలాంటి ఇంట్లో వాననీళ్లు పట్టుకోండి, లేదా ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెప్పించుకోండి. ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లు అయితే భయం లేదు. సున్నం ఎరుపుకు మంచిదే చేస్తుంది.

బొగ్గు, కలం

బొమ్మ ముందుగా వేసుకోవడానికి చింతపుల్లల బొగ్గు వాడతాం. పెన్సిల్ లావు ఉన్న ఎండు చింతపుల్లలు మంటలో బాగా ఎర్రబడ్డాక తీసి ఇసుకలో కప్పేయాలి. గాలి తగలకుండా ఆరిపోయి మెత్తటి బొగ్గు అవుతుంది. దీని గీత దులిపితే పోతుంది, గుడ్డ మీద మరక మిగలదు. పెన్సిల్ వాడకండి, ఆ గీత చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది.

కలం మీరే చేసుకోవాలి. జానెడు పొడవున్న సన్నటి వెదురు పుల్ల తీసుకుని ఒక కొనను పెన్సిల్ చెక్కినట్టు చెక్కండి. కొనలో చిన్న చీలిక పెట్టండి. కొనకు ఒక అంగుళం పైన ఉన్ని గుడ్డ పీలిక చుట్టి, నిమ్మకాయ కన్నా చిన్న ఉండ అయ్యాక నూలు దారంతో వరసగా, బిగువుగా కట్టండి. పాత స్వెటర్ ముక్క చక్కగా పనికొస్తుంది. కలాన్ని రంగులో ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది. గీసేటప్పుడు బొటనవేలితో ఉండను మెల్లగా నొక్కితే రంగు చీలిక మీదుగా కొనకు దిగుతుంది. నొక్కు ఎంత అనేది మాటల్లో చెప్పలేను. వేలికి తెలియాలి. పాత చీర ముక్కల మీద ఒట్టి నీళ్లతో గీతలు లాగుతూ కూర్చోండి. నీటి చుక్కలు పడకుండా జానెడు గీత ఒకే లావులో వచ్చిందంటే కసిమి ముట్టుకోవచ్చు. గీతలకు సన్నటి కలం, పటిక నింపడానికి కొన మొద్దుగా ఉన్న కలం, రెండూ వేరు వేరుగా చేసుకోండి. కసిమి తగిలిన కలం పటికలో పడితే ఆ గిన్నె పటిక మొత్తం పారబోయాల్సిందే.

ఏ బొమ్మ వేయాలి అంటే, మొదటిసారి దేవుళ్లను వేయకండి. భక్తి కారణం కాదు, రంగు కారణం. మా పద్ధతిలో రాముడు, కృష్ణుడు నీలం, హనుమంతుడు ఆకుపచ్చ. ఆకుపచ్చ కావాలన్నా పసుపు మీద నీలం పడాలి. మీ దగ్గర నీలం లేదు. కాబట్టి హంస, తామర, మామిడి పిందెల అంచు లాంటివి ఎంచుకోండి. హంసకు నల్ల గీతలు, ఎర్ర ముక్కు, రెక్కల్లో ఎరుపు పసుపు వరసలు. ఒళ్లు గుడ్డ తెలుపే. గుడ్డను నాలుగు సమాన ముక్కలు కత్తిరించి, ఒకదాన్ని ప్రయోగాలకి ఉంచుకుని మిగతా మూడింటి మీద వేయండి.

గీత

గుడ్డ కింద మెత్తగా, మందంగా ఏదైనా ఉండాలి. మేము దుప్పటి మడతల మీద పరుస్తాం. పక్కన మురిక్కి ఒక పాత గుడ్డ ఉంచుకుని, కసిమిలో ముంచిన కలాన్ని ముందు దాని మీద ఒకసారి తాకించి అప్పుడు గీయండి. మొదటి చుక్క ఎప్పుడూ ఎక్కువ దిగుతుంది.

కలం కొన ముందు టీ నీళ్ల లాంటి తడి గీత వదులుతుంది. చూస్తుండగానే అంచుల నుంచి లోపలికి బూడిదరంగు కమ్ముకుని నల్లబడుతుంది. కొత్తవాళ్లు మొదట్లో గీత లేతగా ఉందని దాని మీద మళ్లీ మళ్లీ గీస్తారు. అలా చేయకండి. నలుపు రావడానికి ఒక క్షణం ఇవ్వండి. కసిమి ఎక్కువైన చోట కొన్నేళ్లకు గుడ్డ పెళుసుగా మారి గీత వెంబడే చిరిగిపోతుంది. పాత తెరల్లో నల్ల గీతలు ఉన్నచోట గుడ్డ తినేసినట్టు ఉండడం చాలామంది చూసే ఉంటారు. అది ఇనుము చేసే పని. పెద్దనాయన "గీత గీసి వదిలెయ్యమ్మా, దాన్ని మళ్లా గెలకద్దు" అనేవాడు. ఇప్పుడు నేను మా పిల్లలకు అదే చెబుతుంటాను.

గీతలు పూర్తయ్యాక ఒక రోజు ఆరనివ్వండి.

పటిక

కిరాణా కొట్లో దొరికే తెల్ల పటిక చాలు. 20 గ్రాములు పొడి చేసి 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కరిగించండి. ఇది రంగు లేని నీళ్లు కాబట్టి ఎక్కడ పెట్టామో కనిపించదు. అందుకని ఎర్ర రంగు ఇచ్చే మంజిష్ఠ వేరు పొడి చిటికెడు నానబెట్టిన నీళ్లు రెండు చుక్కలు కలుపుకుంటే లేత గులాబీ రంగు వస్తుంది, చేతికి దారి తెలుస్తుంది.

ఎరుపు కావాల్సిన చోటల్లా మొద్దు కలంతో నింపండి. గీత అంచు దాకా వెళ్లండి గానీ దాటకండి, దాటిన చోటల్లా తర్వాత ఎరుపు తేలుతుంది. అదే పటికలో సగం నీళ్లు కలిపి పలచన చేసి వేరేచోట పెడితే అదే గిన్నెలో ఉడికినా అక్కడ లేత ఎరుపు వస్తుంది. తామర రేకుల మొదట్లో చిక్కటి పటిక, కొసల్లో పలచటి పటిక పెట్టి చూడండి. గిన్నెలోంచి గుడ్డ తీసినప్పుడు రెండు ఎరుపులు ఒకే పువ్వులో కనిపిస్తాయి. ఈ పనిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే.

పటిక పెట్టాక కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలేయండి. పటిక గుడ్డను పట్టుకోవడానికి ఆ సమయం కావాలి. ఇస్త్రీ పెట్టి తొందరపెట్టవద్దు.

ఉతుకు

చాలా గుడ్డలు ఇక్కడే పాడవుతాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఉతకడం దేనికంటే, గుడ్డను పట్టుకోకుండా పైన మిగిలిపోయిన పటికను, పాలను, వదులుగా ఉన్న కరక్కాయను తీసేయడానికి. ఆ మిగులు పటిక నీళ్లలో కరగగానే పక్కన ఉన్న తెల్ల భాగాలకు అంటుకోవాలని చూస్తుంది. నిలిచిన నీళ్లలో ముంచి ఉంచితే అంటుకుని తీరుతుంది. అందుకే మా ఊళ్లో ఈ పనికి ఎప్పుడూ పారే నీళ్లే కావాలి. పారే నీళ్లలో గుడ్డను పరిచినట్టు పట్టుకుంటే ఊడిన పటిక ఊడినట్టే కొట్టుకుపోతుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని కుదురుకోవడానికి అదొక కారణం. ఇప్పుడు ఏడాదంతా ఆ ఏట్లో నీళ్లు ఉండవు. నీళ్లు ఉన్న కాలువలు వెతుక్కుంటూ బట్టల మూటలతో వెళ్లాల్సి వస్తోంది. ఈ కళకు అవార్డులు, గుర్తింపులు అన్నీ కావాలి, కాదనను. కానీ ఒక పారే కాలువ ఉంటే మాకు దానంత మేలు ఇంకేదీ చేయదు.

మీ ఇంట్లో అయితే ఇలా చేయండి. కుళాయి కింద పెద్ద టబ్ పెట్టి, నీళ్లు పొంగి పొర్లుతూ ఉండగా గుడ్డను రెండు పైమూలలు పట్టుకుని లోపలికి దించండి. మడత పడనివ్వకండి, ఉండ చుట్టకండి, పిండకండి. అటూ ఇటూ ఊపుతూ ఉండండి. మొదటి రెండు మూడు నిమిషాలే ప్రమాదం, అప్పుడే పటిక ఎక్కువ ఊడుతుంది. ఆ కాసేపు ఫోన్ మోగినా ఎత్తకండి. తర్వాత టబ్ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టి మళ్లీ ఊపండి. నీళ్లు తేటగా నిలిచేదాకా, గుడ్డ చేతికి జిడ్డుగా తగలడం మానేదాకా మారుస్తూనే ఉండాలి. వేసవిలో నీళ్ల ఎద్దడి ఉన్న ఊళ్లో ఉంటే ఈ పనిని వానాకాలానికి వాయిదా వేసుకోండి. నీళ్లు పొదుపు చేద్దామని ఉతుకు తగ్గిస్తే గుడ్డ పాడవుతుంది, పోసిన నీళ్లూ దండగ అవుతాయి. వాడిన నీళ్లలో ఉన్నది పటిక, కరక్కాయే. బాత్రూం కడుక్కోవడానికి వాడుకోండి.

ఎరుపు పుట్టే గిన్నె

పూర్వం మా వైపు ఎరుపుకు చిరివేరు వాడేవారు. కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన అద్దకం బట్టలకు అంత పేరు రావడానికి ఆ వేరు ఇచ్చే ఎరుపు ఒక పెద్ద కారణం. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులోనూ ఉండేది అదే. ఆ పొడి చవకగా దొరకడం మొదలయ్యాక వేరు తవ్వేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు మా ఊళ్లో కూడా చాలామంది అలిజరిన్ వాడతారు, అది తప్పేమీ కాదు. మీరు ఇంట్లో చేసే చిన్న గుడ్డకు మంజిష్ఠ వేరు వాడండి. ఆయుర్వేద కొట్లో సులువుగా దొరుకుతుంది.

150 గ్రాముల మంజిష్ఠ ముక్కలు కచ్చాపచ్చాగా దంచి రాత్రి ఐదు లీటర్ల నీళ్లలో నానబెట్టండి. మేము రాగి గంగాళం వాడతాం. మీరు స్టీలు గిన్నె వాడుకోవచ్చు. ఇనుప బాణలి మాత్రం పనికిరాదు, ఎరుపు మొత్తం ఊదా మసి రంగులోకి పోతుంది. గిన్నె పెద్దదిగా ఉండాలి, గుడ్డ ఇరుక్కోకుండా తిరగాలి. ఈ గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.

ముక్కల్ని పలచటి గుడ్డలో మూట కట్టి అదే నీళ్లలో వేసి, తడి గుడ్డను దించి, సన్నటి సెగ పెట్టండి. వేడి మెల్లగా ఎక్కాలి. చెయ్యి పెట్టలేనంత వేడి అయ్యాక ఆ వేడినే గంట, గంటన్నర నిలబెట్టండి. కుతకుత ఉడికితే ఎరుపు గోధుమరంగు వైపు తిరుగుతుంది. కర్రతో గుడ్డను తిప్పుతూనే ఉండాలి. ఒకచోట నిలిచిపోతే అక్కడ మచ్చ కడుతుంది. పది నిమిషాలకు పటిక పెట్టిన చోట్లు నారింజ రంగులో తేలతాయి, అరగంటకు ఎరుపెక్కుతాయి. సెగ ఆపి, గుడ్డను ఆ నీళ్లలోనే చల్లారనిస్తే ఎరుపు ఇంకొంచెం దిగుతుంది.

గిన్నెలోంచి తీసినప్పుడు గుడ్డ మొత్తం గులాబీ రంగులో ఉంటుంది. ఇది చూసి ప్రతివాళ్లూ టెన్షన్ పడతారు, పని పాడైపోయిందని ఫోన్ చేస్తారు. పాడవలేదు. పటిక లేని చోట రంగు పైపైనే అంటుకుంది, దాన్ని తీసేయవచ్చు.

తెలుపు తేల్చడం, పసుపు

మా దగ్గర మేక పెంటికలు, గొర్రె పెంటికలు నీళ్లలో కలిపి గుడ్డను రాత్రంతా నానబెడతాం. పొద్దున ఉతికి, ఎండలో పరిచి, ఆరుతున్నప్పుడల్లా నీళ్లు చల్లుతాం. రెండు మూడు రోజులు ఇలా చేస్తే పటిక లేని చోట గులాబీ రంగు ఎగిరిపోయి తెల్లబడుతుంది. ఎరుపు కదలదు, పైగా తేరుకుంటుంది. ఊళ్లో ఉండేవాళ్లు ఇదే చేయండి. సిటీలో ఉండేవాళ్లు నాలుగు గుప్పెళ్ల గోధుమ పొట్టును గుడ్డసంచిలో కట్టి నీళ్లలో మరిగించి, ఆ వేడి నీళ్లలో గుడ్డను అరగంట ఉంచి జాడించండి. తర్వాత బాల్కనీలో ఎండ, నీళ్లు చిలకరించడం మామూలే. బ్లీచింగ్ పౌడర్ దగ్గరకు రానివ్వకండి.

పసుపు పెట్టేముందు గుడ్డను ఇంకోసారి పాలలో ముంచాలి, ఈసారి కరక్కాయ లేకుండా. సగం పాలు, సగం నీళ్లు చాలు. మొదటిసారి పట్టించిన పాలు ఉతుకులో పోయాయి కదా, మళ్లీ పట్టించకపోతే పసుపు పాకుతుంది.

పసుపు రంగుకు కరక్కాయ పువ్వు 50 గ్రాములు అర లీటరు నీళ్లలో సగానికి ఇగిరేదాకా మరిగించి, వడగట్టి, చిటికెడు పటిక కలపండి. కరక్కాయ పువ్వు దొరక్కపోతే ఎండిన దానిమ్మ తొక్కలతో ఇదే చేయవచ్చు, రంగు కొంచెం ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. వంటింటి పసుపు మాత్రం వద్దు. పెట్టినరోజు మెరిసిపోతుంది, ఎండకు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. పసుపు పెట్టి, ఆరనిచ్చి, ఒక రోజు తర్వాత చల్లటి పారే నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తే పని పూర్తయినట్టే.

కొనేవాళ్లకు కూడా

ఇదంతా ఒకసారి చేశాక కొట్లో కలంకారీ చూసే చూపు మారుతుంది. కలంతో చేసినదాంట్లో ఒకే హంస రెండుసార్లు ఉన్నా రెండూ అచ్చంగా ఒకటే ఉండవు. గీత మొదలైన చోట లావుగా ఉండి పోనుపోను సన్నబడుతుంది, కలం మళ్లీ ముంచిన చోటు తెలుస్తుంది. గుడ్డ తిప్పి చూస్తే నలుపు వెనక్కి కూడా దిగి ఉంటుంది. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ వేరు. అదీ అసలైన పనే, కరక్కాయ, పటిక వాళ్లకూ ఉన్నాయి. టేకు చెక్క మీద ఆ అచ్చులు చెక్కేవాళ్ల నైపుణ్యం చూస్తే చేతులెత్తి దండం పెడతాం. నాకు బాధ కలిగించేది పాలిస్టర్ మీద మిషన్‌తో కొట్టి కలంకారీ అని అమ్మేది. దాని ధర చూపించి మా పిల్లలతో బేరం ఆడితే వాళ్లు ఏం చెప్పాలి? 1950లలో చేతివృత్తులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ లాంటివాళ్లు పూనుకుని శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించే నాటికి ఈ పని తెలిసినవాళ్లు చాలా తక్కువమంది మిగిలారు. అక్కడి నుంచి మా ఊరి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చేదాకా ఎదిగింది. బేరం ఆడేముందు ఉతుకు గురించి, ఎన్నిసార్లు ఎండబెట్టారో అడగండి. చేసినవాళ్లయితే విసుక్కోకుండా చెబుతారు.

మీ గుడ్డను కుంకుడు రసంతో చల్లటి నీళ్లలో ఉతకండి. డిటర్జెంట్ పొడిలోని సోడా ఎరుపును ఊదా వైపు తిప్పుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే కడిగేయండి, ఆ పులుపు ఇనుమును కరిగించి నల్ల గీతను చెరిపేస్తుంది. టేబుల్ మీద పరుద్దాం అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గోడకు కట్టేటట్టయితే నేరుగా ఎండ పడని గోడ చూసుకోండి.

కసిమి మిగిలితే పారబోయకండి. అదే కుండలో ఇంకొంచెం ఇనుము, బెల్లం, నీళ్లు వేసి గుడ్డ కట్టి పెట్టండి. పాతది కలిసింది కాబట్టి ఈసారి తొందరగా పులుస్తుంది.